ఫాతుమాతా దియావరాని ఎక్కడ మొదలుపెట్టాలి? పాటలతో మాత్రం కాదు

మాలి గాయని ఫాతుమాతా దియావరా చాలామందికి ముందు ఒక గొంతుగానే పరిచయం. ఏదో ఒక బ్రిటిష్ బ్యాండ్ పాట మధ్యలో తెలియని భాషలో ఒక ఆడగొంతు లేస్తుంది, ఎవరా అని వెతికితే ఈమె పేరు వస్తుంది. వెంటనే ఆల్బమ్ పెట్టుకుని నాలుగు పాటలు వింటారు, బాగుంది అనుకుంటారు, భాష అర్థం కాదు, ఇంకో ప్లేలిస్ట్‌కి వెళ్లిపోతారు. అలా వెళ్లిపోయినవాళ్లు నాకు చాలామంది తెలుసు, అందుకే ఇది రాస్తున్నాను. నా మాట వింటే ముందు పాటలు పక్కన పెట్టండి. ఆమె మొదట నటి. తెరమీద మొదటిసారి కనిపించింది 1997లో, మొదటి ఆల్బమ్ వచ్చింది 2011లో. ఆ మధ్యలో ఉన్న పద్నాలుగేళ్లు వదిలేసి నేరుగా పాటల్లోకి దిగితే ఆమె గొంతులో ఏం జరుగుతోందో సగం పట్టుబడదు.

కాబట్టి మొదటి పని, 2014లో వచ్చిన 'టింబక్టూ' సినిమా చూడండి. దర్శకుడు అబ్దెరహ్మాన్ సిసాకో. దొరకడం కూడా సులువే, ఎందుకంటే ఇది ఫ్రాన్స్‌లో ఉత్తమ చిత్రంతో కలిపి ఏడు సెజార్ అవార్డులు తీసుకుంది, మారిటానియా తరఫున ఆస్కార్ విదేశీ చిత్రాల విభాగంలో నామినేషన్ దాకా వెళ్లింది. నిడివి గంటన్నర పైచిలుకే. చూసే ముందు ఒక్క సంగతి తెలిసి ఉంటే చాలు. 2012లో మాలి ఉత్తరభాగం సాయుధ జిహాదీ గుంపుల చేతిలోకి పోయింది, టింబక్టూ కూడా అందులోనే, అక్కడ సంగీతాన్ని నిషేధించారు. పాడటం, వాయించడం, రేడియోలో పాటలు వేయడం, అన్నీ నేరాలే. సినిమా ఆ రోజుల గురించే. షూటింగ్ మాత్రం భద్రత లేక ఎక్కువగా సరిహద్దు అవతల మారిటానియాలోని వలాతా ఊళ్లో చేశారు.

సినిమాలో ఫాతుమాతాకి ఉన్న సమయం చాలా తక్కువ. ఈ మాట ముందే చెబుతున్నా, లేకపోతే ఆమె ఎప్పుడు వస్తుందా అని ఎదురు చూస్తూ కూర్చుంటారు, అసలు సినిమా చేజారిపోతుంది. రాత్రిపూట ఒక గదిలో కొందరు స్నేహితులు కూర్చుని మెల్లగా పాడుకుంటారు, గిటార్ ఉంటుంది, ఆమె గొంతు ఎత్తకుండా తనలో తాను అనుకుంటున్నట్టు పాడుతుంది. బయట తుపాకులు పట్టుకున్న మనుషులు పాట ఎక్కడి నుంచి వస్తోందో వెతుకుతూ ఇళ్ల కప్పుల మీద తిరుగుతుంటారు. తర్వాత శిక్ష. పాడినందుకు 40 కొరడా దెబ్బలు, మగవాళ్లతో ఒకే గదిలో ఉన్నందుకు మరో 40. అందరి ముందూ మోకాళ్ల మీద కూర్చోబెట్టి కొడుతుంటే ఆమె ఏడుస్తుంది, ఆ ఏడుపులోంచే మళ్లీ పాట అందుకుంటుంది. ఈ సీన్‌ని రెండోసారి వెనక్కి తిప్పి చూడండి, ఈసారి కథ కోసం కాదు, ఊపిరి కోసం. ఏడుపు ఎక్కడ ఆగింది, స్వరం ఎక్కడ మొదలైంది అని గీత గీసి చూపించడం కుదరదు. మామూలు గాయని అయితే ముందు ఏడిచి, ఆ తర్వాత గొంతు సర్దుకుని పాడేది. ఈమె సర్దుకోదు. ఆమె రికార్డుల్లో మీరు ముందుముందు వినబోయే బొంగురుతనానికి, పదం చివర ఊపిరి వదిలేసే పద్ధతికి తాళంచెవి ఇదే.

ఇది చూశాక ఒకటి రెండు రోజులు ఆగి వెనక్కి వెళ్లండి, ఆమె ఎక్కడి నుంచి వచ్చిందో చూడటానికి.

పుట్టింది 1982లో ఐవరీ కోస్ట్‌లో, తల్లిదండ్రులు మాలివాళ్లు. తండ్రికి ఒక నృత్య బృందం ఉండేది, ఈమె చిన్నప్పుడు అందులో ఆడేది. బడికి వెళ్లనని మొండికేసింది, మాట వినడం లేదని ఇంట్లోవాళ్లు మాలి రాజధాని బమాకోలో ఉన్న అత్త దగ్గరికి పంపేశారు. ఆ తర్వాత పదేళ్లకు పైగా అమ్మానాన్నల ముఖం చూడలేదు. ఆ అత్త నటి. షూటింగ్‌కి వెళ్తే అత్త పిల్లని ఎత్తుకుని చూసుకోవడం ఈమె పని. అలా సెట్‌లో పక్కన నిలబడి ఉన్న ఫాతుమాతాని దర్శకుడు అదామా ద్రాబో చూసి, 1997లో వచ్చిన 'తాఫే ఫంగా' చివర్లో ఒక్క డైలాగ్ చెప్పించాడు. అక్కడి నుంచి షేక్ ఉమర్ సిసోకో తీసిన 'జెనెసిస్' (1999)లో దీనా పాత్ర. బైబిల్‌లోని ఆదికాండం కథని మాలి కొండల మధ్య బంబారా భాషలో తీసిన సినిమా ఇది, ఏసావుగా నటించింది ఎవరనుకున్నారు, సాలిఫ్ కేటా! పశ్చిమాఫ్రికా మొత్తం ఎరిగిన ఆ గాయకుడే. పాడేవాళ్లు నటించడం, నటించేవాళ్లు పాడటం అక్కడ కొత్తేమీ కాదు, ఇది గుర్తుపెట్టుకుంటే ఈమె 'రెండు కెరీర్లు' అనే మాట కాస్త వింతగా వినిపిస్తుంది.

ఇదే దశలో సోటిగి కుయాతే అనే గొప్ప నటుడు ఆమెని పారిస్ తీసుకెళ్లి, బూఫ్ దు నోర్ థియేటర్‌లో గ్రీకు నాటకం 'ఆంటిగొని'కి తన రూపాంతరంలో వేషం ఇచ్చాడు. నాటకం ఇప్పుడు చూడలేం. చూడగలిగింది, తప్పక చూడాల్సింది, 2001 నాటి 'సియా, కొండచిలువ కల'. దర్శకుడు సోటిగి కొడుకు దానీ కుయాతే, బుర్కినా ఫాసోవాడు. పశ్చిమాఫ్రికాలోని పాత వగాదు రాజ్యపు గాథ ఇది. రాజ్యం బాగుండాలంటే ఊళ్లోకల్లా అందమైన కన్యని సర్పదేవుడికి బలి ఇవ్వాలంటారు, ఆ కన్య సియా, ఆమె పారిపోతుంది. ఫాతుమాతా చేసింది ఆ సియా పాత్రే. ఈ పాత సినిమాలు మామూలు స్ట్రీమింగ్ యాప్‌లలో ఎప్పుడూ ఉండవు, ఆఫ్రికన్ సినిమాల కోసమే నడిచే సైట్లు, ఫ్రెంచ్ డీవీడీలు, ఫిల్మ్ ఫెస్టివల్‌ల పాత చిత్రాల విభాగాలు గమనిస్తూ ఉండాలి. రెండింట్లో ఒక్కటే దొరికితే సియానే చూడండి. 'జెనెసిస్' గంభీరమైన సినిమా, కానీ మీరు వచ్చింది ఈమె కోసం కదా, సియాలో ఆమె ముఖం మీద కెమెరా నిలబడి ఉంటుంది.

ఇక ఇక్కడొక తమాషా. ఊరు బలి అడిగితే పారిపోయిన పిల్లగా తెరమీద నటించిన మరుసటి ఏడాదే, 2002లో, ఆమె నిజంగానే పారిపోయింది. ఫ్రాన్స్‌లోని 'రోయాల్ ద లూక్స్' అనే వీధినాటక సంస్థ దర్శకుడు జాన్ లూక్ కుర్కూ బమాకో వచ్చి తమ కొత్త ప్రదర్శనలో చేయమని అడిగాడు. ఇంట్లోవాళ్లు ఒప్పుకోలేదు. అప్పటికే ఆమెకి పెళ్లి చేసేయాలనుకుంటున్నారు, నటన మానేస్తున్నానని మాలి టీవీలో ఆమె చేతే చెప్పించారు కూడా. పెళ్లికాని అమ్మాయి ఎంత పెద్దదైనా మైనర్ కిందే లెక్క, నిర్ణయం పెద్దలది. ఆమె ఎవరికీ చెప్పకుండా విమానాశ్రయానికి వెళ్లి పారిస్ విమానం ఎక్కేసింది, ఎవరో కిడ్నాప్ చేశారని కబురు అందుకున్న పోలీసులకి వెంట్రుకవాసిలో దొరక్కుండా తప్పించుకుంది. ఈ ఘట్టం ఆమె గురించి రాసిన ప్రతి వ్యాసంలోనూ ఉంటుంది, నిజమే, సినిమా సీన్‌లా ఉంటుంది కాబట్టి రాస్తారు. నేను దీన్ని చెప్పడానికి కారణం వేరు. ఆమె పాటల్లో అమ్మానాన్నల దగ్గర పెరగని పిల్లలు, పెద్దలు ఒప్పుకోని ప్రేమలు, దేశం దాటి పోయినవాళ్లు పదేపదే వస్తారు. అవి సామాజిక అంశాలని తెచ్చిపెట్టుకున్నవి కావు.

రోయాల్ ద లూక్స్‌తో ఆమె ఆరేళ్లు తిరిగింది. వీధులకి వీధులే వేదికగా, మేడలంత ఎత్తు బొమ్మలని నడిపిస్తూ ప్రదర్శనలిచ్చే సంస్థ అది. వియత్నాం, మెక్సికో, యూరప్ మొత్తం తిరిగారు. రిహార్సల్స్‌లో తెర వెనక తనకోసం తాను పాడుకుంటుంటే దర్శకుడు విని ప్రదర్శనలో సోలోగా పాడించాడు. అంటే ఆమె గానం స్టూడియోలో కాదు, వీధినాటకంలో తయారైంది, మైకు ముందు కదలకుండా నిలబడి కాదు, గుంపు మధ్యలో. 'కిరికూ, కరబా' అనే మ్యూజికల్‌లో మంత్రగత్తె కరబా వేషం కూడా ఈ కాలంలోదే.

ఇప్పుడు, ఇదంతా అయ్యాక, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. 2011లో వరల్డ్ సర్క్యూట్ సంస్థ తెచ్చిన 'ఫాతూ'. మొదట వినాల్సింది ఇదే, వేరే ఆలోచన వద్దు. అంతకుముందు ఆమె మాలి గాయని ఉమూ సంగరే, డీ డీ బ్రిడ్జ్‌వాటర్, హెర్బీ హ్యాంకాక్ వంటివాళ్ల ఆల్బమ్‌లలో కోరస్ పాడింది, ఉమూ సంగరే వెంట టూర్లు తిరిగింది. తోటి మాలి గాయని రోకియా త్రావోరే స్ఫూర్తితో గిటార్ పట్టుకుని సొంతంగా నేర్చుకుంది, సొంత పాటలు రాయడం మొదలుపెట్టింది. 'ఫాతూ'లో ప్రతి పాటా ఆమె రాసుకుని, బాణీ కట్టుకున్నదే. అతిథులుగా కోరా అనే పశ్చిమాఫ్రికా తీగవాద్యం మీద తుమానీ దియాబాతే, డ్రమ్స్ మీద టోనీ అలెన్, బేస్ మీద లెడ్ జెప్లిన్ రాక్ బ్యాండ్‌లోని జాన్ పాల్ జోన్స్ వచ్చారు, కానీ ఎవరూ మీదకి తోసుకురారు. అంత పెద్దవాళ్లు వచ్చి కూడా గది ఖాళీగానే అనిపించడం ఈ ఆల్బమ్‌లో నాకు అన్నిటికన్నా నచ్చే విషయం.

మొత్తం ఒకేసారి వినకండి. మూడు పాటలు చాలు మొదటి రోజుకి. 'కనూ' ముందు, అది ప్రేమ పాట, తేలిగ్గా ఎక్కుతుంది, గిటార్ మీద ఒకటే చిన్న వరస తిరుగుతూ ఉంటుంది. తర్వాత 'క్లాండెస్టిన్', కాగితాలు లేకుండా వలస పోయేవాళ్ల గురించి. మూడోది 'బొలొకో'. ఆడపిల్లల జననాంగాలు కోసే ఆచారాన్ని ఆపమని అడిగే పాట ఇది, ఆమె మాతృభాషలో, ఆ ఆచారం ఇంకా సాగుతున్న చోటి స్త్రీ పాడింది. విషయం ఇదని తెలియకుండా వింటే ఏదో జోలపాట అనుకుంటారు, అంత మెత్తగా ఉంటుంది. ఎందుకంత మెత్తగా పాడింది? అరిచి చెబితే ఆమె ఎవరితో మాట్లాడాలనుకుందో ఆ అమ్మమ్మలు, అత్తలు వినరు కాబట్టి అని నేననుకుంటాను. నా ఊహే అనుకోండి, కానీ 'మాలి బ్లూస్' అనే 2016 నాటి డాక్యుమెంటరీలో ఆమె పల్లె ఆడవాళ్లతో కూర్చుని ఈ విషయం మాట్లాడే తీరు చూస్తే నాది తప్పని అనిపించదు.

భాష సంగతి. పాడేది ఎక్కువగా బంబారాలో. అనువాదాలు కొన్ని దొరుకుతాయి, అవి చదివి పాట వినండి, పాట వింటూ చదవకండి. చెవి కాగితం మీదకి పోయిందంటే ఇక సంగీతం వెనకసీటుకి వెళ్లిపోతుంది. అర్థం కన్నా ముందు రెండు పట్టుకోవాలి. ఒకటి, పిలుపు, బదులు. ఆమె ఒక వాక్యం పాడుతుంది, కోరస్ జవాబిస్తుంది, ఆ జవాబు చాలాసార్లు మారకుండా అదే ఉంటుంది, ఆమె వాక్యం మాత్రం ప్రతిసారీ కాస్త జరుగుతుంది. కోరస్‌ని గోడలా అనుకుని ఆమె ఎక్కడ జరిగిందో వినండి. రెండోది వస్సులు. మాలి దక్షిణాన ఉన్న ప్రాంతం అది, ఫాతుమాతా కుటుంబం మూలాలు అక్కడివే. మాలిలో వంశపారంపర్యంగా పాడే జెలీల సంప్రదాయం ఒకటుంది, వాళ్లు రాజుల, పెద్దల వంశాల్ని కీర్తించేవాళ్లు. వస్సులు పాటకి కులం పట్టింపు లేదు, ఎవరైనా పాడొచ్చు, ముఖ్యంగా ఆడవాళ్లు పాడారు, పెళ్లి గురించి, సవతుల గురించి, భర్తల గురించి నిలదీసి పాడారు. వాద్యం కమలె ఙోని అనే తీగవాద్యం, వేటగాళ్ల పెద్ద ఙోనిని కుర్రాళ్లు చిన్నది చేసుకుని తమదిగా మార్చుకున్నది. ఫాతుమాతా గిటార్ మీద వాయించే చిన్నచిన్న తిరుగుడు వరసలు చాలావరకు ఆ ఙోని నుంచి వచ్చినవే. ఇది నమ్మకం కుదరాలంటే ఉమూ సంగరే పాత పాటలు రెండు విని వెంటనే 'ఫాతూ'కి తిరిగి రండి, చెవికే తెలిసిపోతుంది. 'మకున్ ఉమూ' పాట ఆమెకి నమస్కారంగా పాడిందే.

ఆ తర్వాత 'మాలి-కో'. ఇది ఆల్బమ్ కాదు, ఒక్క పాట, వీడియోతో చూడాలి. ఉత్తర మాలిలో సంగీతం నోరు నొక్కేసిన రోజుల్లో ఫాతుమాతా బమాకోలో నలభై మందికి పైగా సంగీతకారుల్ని పోగేసి శాంతి కోరుతూ రికార్డు చేయించింది, 2013 జనవరిలో విడుదలైంది. ఉమూ సంగరే, అమదూ-మరియం, తుమానీ దియాబాతే, బసెకూ కుయాతే, వ్యూ ఫర్కా తూరే, ఇలా అందరూ ఒకే పాటలో. సంగీతపరంగా గొప్పదేం కాదు, ఒకరి తర్వాత ఒకరు వచ్చి వెళ్తుంటారు, ఇలాంటి పాటలన్నిటిలో ఉండే ఇబ్బందే. కానీ దీని వల్ల మీకు ఇంకో లాభం ఉంది, తర్వాత ఎవర్ని వినాలో జాబితా మొత్తం ఒక్క వీడియోలో దొరుకుతుంది. నచ్చిన గొంతు దగ్గర ఆపి పేరు రాసుకోండి.

2018 నాటి 'ఫెన్ఫో' దగ్గరికి వచ్చేసరికి ధ్వని మారిపోతుంది. ఎలక్ట్రిక్ గిటార్ పెరిగింది, కోరా, చెలో కూడా ఉన్నాయి, సహనిర్మాత ఫ్రెంచ్ రాక్ గాయకుడు మాట్యూ షెడిడ్. అతనితో, తుమానీ, సిదికీ దియాబాతేలతో కలిసి చేసిన 'లమొమాలి' ఆల్బమ్ అంతకుముందు ఏడాదే వచ్చింది, అక్కడ కుదిరిన స్నేహం ఇక్కడ వినిపిస్తుంది. 'న్తెరిని' పాటని వీడియోతోనే చూడండి, ఇథియోపియా ఫోటోగ్రాఫర్ ఐదా ములునే తీసింది. దూరదేశం పోయిన ప్రియుడి గురించిన పాట, రంగులు, నడక, తల తిప్పడం, ప్రతి ఫ్రేమ్‌లోనూ నటి కనిపిస్తుంది. 'ఫెన్ఫో'కి గ్రామీల్లో వరల్డ్ మ్యూజిక్ ఆల్బమ్ విభాగంలో నామినేషన్ వచ్చింది, అదే ఏడాది డిస్‌క్లోజర్ బృందంతో చేసిన 'అల్టిమేటం' డాన్స్ రికార్డింగ్ విభాగంలో నామినేట్ అయింది. రెండూ గెలవలేదు. ఒకే మనిషికి ఒకే ఏడాది పల్లెపాటకీ డాన్స్ ఫ్లోర్‌కీ పిలుపు రావడం మాత్రం ముచ్చటే.

ఈ కొలాబరేషన్ల దగ్గరే కాస్త జాగ్రత్త. 'అల్టిమేటం', బ్రిటిష్ బ్యాండ్ గొరిల్లాజ్‌తో 2020లో చేసిన 'డెజోలె' బాగుంటాయి, కారులో పెట్టుకోవడానికి భేషుగ్గా ఉంటాయి, కానీ వాటిల్లో ఆమె అతిథి. 'అల్టిమేటం' అయితే గొంతుని ముక్కలు చేసి తిప్పడమే. వీటితోనే ఆమెని అంచనా వేయకండి. అలా కాకుండా ఇద్దరూ సమానంగా కూర్చుని వాయించింది కావాలంటే క్యూబా పియానిస్ట్ రాబెర్టో ఫోన్సెకాతో లైవ్‌గా చేసిన 'ఎట్ హోమ్' ఉంది. పాట పొడవు చూసి భయపడొద్దు, అందులో తొందర లేదు.

2023లో వచ్చిన 'లండన్ కో' చివర్లో వినండి. గొరిల్లాజ్ డేమన్ ఆల్బర్న్ సహనిర్మాత. నాకు ఈ ఆల్బమ్ మీద ఒక చిన్న ఫిర్యాదు ఉంది, అతిథులు ఎక్కువయ్యారు, కొన్నిచోట్ల కీబోర్డులు ఆమె గిటార్ మీద పరుచుకుపోయాయి. 'న్సెరా' వంటివి మొదటిసారే పట్టేస్తాయి, కాదనను. అయినా వదలకూడని పాట 'సెతే'. విషయం మళ్లీ అదే, 'బొలొకో'లో పాడినదే, ఈసారి వెనక బ్రూక్లిన్ యూత్ కోరస్ పిల్లల గొంతులున్నాయి. 2011 పాటనీ 2023 పాటనీ వరసగా పెట్టి వినండి. మొదటిది దగ్గర కూర్చుని మెత్తగా బతిమాలడం. రెండోదానికి వచ్చేసరికి ఆమె వెనక ఒక గుంపే నిలబడింది.

లైవ్ వీడియోలు చూసేటప్పుడు రెండు నిమిషాల ముక్కలు వద్దు, పూర్తి కచేరీ వెతకండి. మొదటి అరగంట గిటార్‌తో నిలబడి నెమ్మదిగా నడిపిస్తుంది, పాటకీ పాటకీ మధ్య మాట్లాడుతుంది, ఆడపిల్లల చదువు, వలస, మాలి. చివరికి గిటార్ పక్కన పెట్టి ఆడటం మొదలవుతుంది, చేతులు విసురుతూ గిర్రున తిరిగే వస్సులు నాట్యం, తండ్రి బృందంలో నేర్చుకున్నది ఇక్కడ బయటికొస్తుంది. ముక్కలు చూసేవాళ్లకి ఈ చివరి భాగమే దొరుకుతుంది, అప్పుడది ఉత్త హుషారుగా అనిపిస్తుంది. గంటసేపు బిగబట్టింది వదులుతోందని పూర్తిగా చూసినవాళ్లకే తెలుస్తుంది.

ఇక మిగిలినవి తీరికని బట్టి. పైన చెప్పిన 'మాలి బ్లూస్' దొరికితే మాత్రం వదలొద్దు, ఆమె సొంత దేశంలో చేసిన మొదటి కచేరీ, సెగూలో నైజర్ నది ఒడ్డున జరిగే ఉత్సవంలో, అందులో ఉంది, ఎక్కే ముందు ఆమె పడే టెన్షన్ కూడా. అదే సినిమాలో ఉత్తర మాలిలోని కిదాల్ నుంచి పారిపోయి వచ్చిన, సహారా ఎడారి తువరెగ్ తెగకి చెందిన గిటారిస్ట్ అహ్మద్ అగ్ కయెదీ కూడా ఉంటాడు, 'టింబక్టూ'లో చూసింది కల్పన కాదని ఆయన మాటల్లో అర్థమవుతుంది. ఒమర్ సీ హీరోగా సెనెగల్‌లో తీసిన 'యావో' (2018)లో ఆమె గ్లోరియా అనే గాయని. హాయిగా సాగిపోయే సినిమా, ఆమెకి పెద్ద పనిలేదు, ఆదివారం సాయంత్రం చూడొచ్చు. వెతికేటప్పుడు పేరు ఒక్కటే కొట్టకండి, మాలిలో ఫాతుమాతాలు కోకొల్లలు, దియావరాలూ తక్కువేం కాదు. పక్కన ఆల్బమ్ పేరో సినిమా సంవత్సరమో జోడించండి, లేదంటే ఇంకెవరివో ఫోటోలు చూస్తూ కూర్చుంటారు.